ఢిల్లీ చలిలో ఫైవ్‌స్టార్ హోటల్లో మూడు రాత్రులు

ముందే చెప్పేస్తున్నా, హోటల్ పేరు రాయడం లేదు. మాకు ఒళ్ళు మండేలా చేసినవాళ్ళూ అక్కడే ఉన్నారు, రాత్రి పదకొండింటికి మా అత్తయ్యగారి కోసం హీటర్ మోసుకొచ్చినవాళ్ళూ అక్కడే ఉన్నారు. మధ్య ఢిల్లీలో, ఇండియా గేట్‌కి మరీ దూరం కాని ఒక పాతకాలపు ఫైవ్‌స్టార్ అనుకోండి, చాలు. కనుమ అయ్యాక రెండు రోజులకి బయల్దేరాం, నేను, మా ఆయన, డెబ్భై నాలుగేళ్ళ అత్తయ్యగారు. మా పెళ్ళయి పాతికేళ్ళయింది కాబట్టి ఆ డబ్బు పెట్టాం కానీ మామూలుగా అయితే మేం అలాంటి గుమ్మం టీ తాగడానికి కూడా తొక్కం.

డబ్బు సంగతి ముందే తేల్చేద్దాం. గది 21,000, అత్తయ్యగారికి ఎక్స్‌ట్రా బెడ్ 3,000, "సిటీ వ్యూ" అని ఇంకో 2,500. రాత్రికి 26,500 చొప్పున మూడు రాత్రులకి 79,500. అద్దె రోజుకి 7,500 దాటితే జీఎస్టీ 18 శాతం కాబట్టి ఇంకో 14,310. మొత్తం 93,810, పొద్దున టిఫిన్ కలిపి. ఆ 2,500 వ్యూ కథ తర్వాత చెప్తా, గుర్తుపెట్టుకోండి.

గన్నవరం నుంచి మధ్యాహ్నానికల్లా దిగాల్సినవాళ్ళం, దిగేసరికి చీకటి పడింది. పొగమంచు. నాకు ఎప్పటినుంచో ఒక సందేహం, ఢిల్లీలో పొగమంచులో కూడా దిగే ఏర్పాట్లు ఉన్నాయంటారు కదా, మరి ఈ ఆలస్యాలేంటి అని. మా ఆయన విమానంలో పక్క సీటాయన్ని అడిగి తెలుసుకున్నది ఏంటంటే, రన్‌వే మీద 50 మీటర్లు కనిపించినా దిగొచ్చట, కానీ దానికి విమానంలోనూ ఆ సదుపాయం ఉండాలి, పైలట్లకీ ఆ శిక్షణ ఉండాలి. బయల్దేరాలంటే మాత్రం 125 మీటర్లు కనిపించాలి. అంటే దిగినవి లేవలేవు, నిలబెట్టడానికి చోటుండదు, వెనక వచ్చేవి క్యూ కడతాయి. ఇది చాలదన్నట్టు జనవరి 26 ముందు వారంలో పరేడ్ కోసం పొద్దున పూట రెండు గంటలకు పైగా రాకపోకలు ఆపేస్తున్నారు ఈమధ్య ఏళ్ళలో. జనవరిలో ఢిల్లీ హోటల్ బుక్ చేసేవాళ్ళు మొదటి రోజు దాదాపు పోయినట్టే లెక్క వేసుకోండి. మేం రెండింటికి చెక్-ఇన్ అనుకుని ఎనిమిదింటికి వెళ్ళాం, ఆ ఆరు గంటలకీ డబ్బు కట్టినట్టే కదా.

లోపల అడుగుపెట్టగానే మాత్రం బాగుంది, అబద్ధం చెప్పను. పొడుగు తలుపు తీసి, భుజాల మీద ఉన్న మంచు తేమని కూడా చూసి, వేడి వేడి కాశ్మీరీ కహ్వా తెచ్చిచ్చారు. కుంకుమపువ్వు, యాలకులు, అడుగున బాదం తరుగు. అత్తయ్యగారు రెండు గుక్కలు తాగి "కషాయమే, కానీ మంచి కషాయం" అన్నారు, ఆవిడ దగ్గర అది పెద్ద మెచ్చుకోలు. ఈలోపు రిసెప్షన్‌లో కార్డు అడిగారు. రోజుకి 5,000 చొప్పున 15,000 డిపాజిట్ కింద ఆపి ఉంచుతాం, కట్ చేయం అన్నారు. డెబిట్ కార్డు ఇచ్చారా అంతే, ఆ డబ్బు మీ ఖాతాలో ఉన్నట్టే ఉండి వాడుకోడానికి ఉండదు. మా ఆయన డెబిట్ కార్డే ఇచ్చారు. నేను పక్కన లేను, అత్తయ్యగారి చెప్పులు మార్చిస్తున్నా.

గది పెద్దదే. కార్పెట్, రెండు దీపాలు, ఒక చిన్న బల్ల మీద బెల్లం గజక్ పెట్టి పెళ్ళిరోజు శుభాకాంక్షలు అని చేత్తో రాసిన కార్డు. గజక్ అంటే మన నువ్వుజీడీకి అన్నలాంటిది, పొరలు పొరలుగా నోట్లో విరుగుతుంది. ఎక్స్‌ట్రా బెడ్ కిటికీ కింద వేశారు. అక్కడే మొదలైంది తంటా.

గోడ మీద థర్మోస్టాట్ 24 చూపిస్తోంది. అత్తయ్యగారు రెండు దుప్పట్లు కప్పుకుని, మంకీ క్యాప్ పెట్టుకుని "అమ్మాయ్, కాళ్ళు కొంకర్లు పోతున్నాయి" అంటున్నారు. నేను గుమ్మం దగ్గర నిలబడితే వేడిగానే ఉంది, నడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చేసరికి వేరే ఊరు. 26 పెట్టాం, 28 పెట్టాం. ఏం తేడా లేదు. ఫోన్ చేస్తే మొదట ఒకబ్బాయి వచ్చి, థర్మోస్టాట్‌ని మేం నొక్కినట్టే నొక్కి, "పదిహేను నిమిషాల్లో వేడెక్కుతుంది మేడమ్" అని వెళ్ళిపోయాడు. రాత్రి పది దాటింది, ఏం వేడెక్కలేదు. మళ్ళీ ఫోన్ చేస్తే "సార్, సిస్టమ్ నార్మల్‌గానే చూపిస్తోంది" అన్నారు. ఇక్కడ నాకు మండింది. సిస్టమ్‌కి నార్మల్‌గానే ఉంటుంది, అది కిటికీ కింద పడుకోలేదు కదా.

మూడోసారికి ఇంజినీరింగ్ నుంచి ఒక పెద్దాయన వచ్చారు, చేతిలో చిన్న థర్మామీటర్. నాకు ఈ మొత్తం బసలో గుర్తుండిపోయిన మనిషి ఆయనే. మాట్లాడకుండా ముందు గుమ్మం పైన ఉన్న జాలీ దగ్గర పెట్టారు, 31. మా మంచం దగ్గర 22. అత్తయ్యగారి మంచం మీద, దిండు పక్కన, 18. "మాతాజీ కరెక్టే చెప్తున్నారు" అన్నారు హిందీలో, మా ఆయన వంక చూస్తూ. అప్పటిదాకా మా ఆయన "నీకు వయసు వల్ల చలేస్తోందమ్మా" అంటున్నాడు లెండి.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. ఇలాంటి పాత బిల్డింగుల్లో చాలావాటికి గదికో ఏసీ ఉండదు, కింద ప్లాంట్ నుంచి గొట్టాల్లో నీళ్ళు వస్తాయి, ఆ నీళ్ళ మీదుగా ఫ్యాను గాలి ఊదుతుంది. ఎండాకాలం చల్లనీళ్ళు, చలికాలం వేడినీళ్ళు. గొట్టాల జత ఒక్కటే ఉంటుంది కాబట్టి ఒక్కసారి బిల్డింగ్ మొత్తాన్ని వేడికి మార్చేశాక నాకు చల్లగాలి కావాలంటే రాదు, అలాగే మార్చకముందు వేడి కావాలన్నా రాదు. రెండు జతలు ఉన్న హోటళ్ళలో అయితే ఎవరి గది వాళ్ళ ఇష్టం. ఇక రెండో సంగతి, ఆ జాలీ పైకప్పుకి ఆనుకుని ఉంటుంది, చల్లగాలి కిందికి దిగుతుంది కాబట్టి ఏసీకి అది బ్రహ్మాండం, వేడిగాలి పైకే పోతుంది కాబట్టి చలికాలంలో తల వేడి కాళ్ళు చల్లన. థర్మోస్టాట్ ఉన్నదేమో గుమ్మం పక్క గోడకి, అక్కడ 24 రాగానే "అయిపోయింది నా పని" అని ఆగిపోతోంది. ఆయన స్టూలెక్కి జాలీ రెక్కల్ని కిందికి వంచారు, ఫ్యాను ఆటో తీసేసి పెంచారు, కిటికీ అంచున గాలి దూరుతున్న సందుకి టేపు వేశారు, మంచాన్ని లోపలి గోడకి జరిపించారు. తర్వాత ఆయనా ఇంకో కుర్రాడూ కలిసి ఆయిల్ హీటర్ తెచ్చారు, అదే, రేకులు రేకులుగా ఉండి చక్రాల మీద నడిచేది. గాలి ఊదదు, చప్పుడు ఉండదు. అరగంటలో దిండు పక్కన 22.

ఇంత సుళువైన పని మొదటి ఫోన్‌కే ఎందుకు జరగలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు. చలికాలంలో కిటికీ కింద ముసలావిడకి మంచం వేయకూడదని హౌస్‌కీపింగ్‌కి తట్టకపోవడం ఏంటి?

మర్నాటి రాత్రి మేం భోంచేసి వచ్చేసరికి పక్కలు సర్ది, దుప్పట్ల కింద ముగ్గురికీ హాట్ వాటర్ బ్యాగులు పెట్టి ఉన్నాయి, ఉన్ని తొడుగులేసి. అత్తయ్యగారు కాళ్ళు లోపలికి పెట్టి ఒక్కసారి వెనక్కి లాక్కున్నారు, పిల్లి ఏదో దూరిందనుకుని. తర్వాత ఆ బ్యాగుని పొట్ట దగ్గర పెట్టుకుని పడుకుంటే తెల్లారి ఆరున్నర దాకా లేవలేదు. ఇంట్లో నాలుగింటికి లేచే మనిషి.

బాత్రూం గురించి రెండు మాటలు. పడగ్గదికీ బాత్రూంకీ మధ్య గాజు గోడ పెట్టాలన్న ఆలోచన ఎవడికొచ్చిందో కానీ వాడు అత్తగారితో కలిసి ఒకే గదిలో దిగినవాడు మాత్రం కాదు. లోపల కర్టెన్ ఉంది, మీట నొక్కితే దిగుతుంది, ఆ మీట మంచం పక్కన ఉంది! అంటే బయట ఉన్నవాళ్ళు నొక్కాలన్నమాట. మా ఆయన్ని స్నానాలయ్యేదాకా లాబీలోకి తరిమేశాం. వేడినీళ్ళకి మాత్రం నూటికి నూరు, కుళాయి తిప్పిన నాలుగైదు సెకన్లకే పొగలు. పై అంతస్తుల్లో అలా రావాలంటే వేడినీళ్ళు గొట్టాల్లో ఎప్పుడూ తిరుగుతూనే ఉండాలి, అది ఖర్చే, ఆ ఖర్చు పెడుతున్నారు. బకెట్, చెంబు అడిగితే మొహం చిట్లించకుండా పది నిమిషాల్లో తెచ్చిచ్చారు. "షవర్ కింద నిలబడితే ఒంటికి ఒక పక్కే తడుస్తుంది, రెండో పక్క చలి" అన్నది అత్తయ్యగారి వాదన, ఆ చలిలో నేనూ ఒప్పుకున్నా, మూడో రోజు నేనూ బకెట్టే.

ఇక గాలి. గదిలో ఎయిర్ ప్యూరిఫైయర్ ఉంది, దాని మీద అంకె 40 దగ్గర ఆడుతోంది. ఫోన్‌లో చూస్తే బయట ఏక్యూఐ, అంటే గాలి ఎంత పాడైందో చెప్పే అంకె, 340. రెండు అంకెల లెక్కా ఒకటే కాకపోవచ్చు, అయినా గాజుకి అటూ ఇటూ చాలా తేడా. కిటికీలు తెరుచుకోవు, మొదట విసుక్కున్నా ఆ అంకె చూశాక నోరు మూసుకున్నా. ఢిల్లీలో నవంబరు నుంచి జనవరి దాకా ఉండాలంటే హోటల్‌ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఈత కొలను గురించి కాదు, గదిలో ప్యూరిఫైయర్ ఉందా, ఫిల్టర్ ఎప్పుడు మార్చారు అని. కాకపోతే రాత్రంతా వేడిగాలి ఆడుతుంటే గొంతు, ముక్కు ఎండిపోతాయి, మా ఆయనకి ముక్కులో కొంచెం రక్తం కూడా వచ్చింది. గదిలో తేమ కోసం హ్యూమిడిఫైయర్ అడిగితే ఉన్న రెండూ వేరే గదుల్లో ఉన్నాయన్నారు. తడి టవల్ కుర్చీ మీద ఆరేసుకుని పడుకున్నాం. తలుపు గుండీ ముట్టుకుంటే చిటుక్కుమని షాక్, స్వెట్టర్ విప్పితే చిటపటలు, పొడిగాలికి అంతేనట.

వ్యూ కథకి వస్తా. తొమ్మిదో అంతస్తు, చెట్ల మీదుగా ఇండియా గేట్ దాకా కనిపిస్తుందని ఫోటో. మొదటి రోజు రాత్రి ఏం లేదు. రెండో రోజు పొద్దున కర్టెన్ తీస్తే అవతల తెల్లగోడ, సున్నం కొట్టినట్టు. మూడో రోజూ అంతే. మూడో రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి మూడున్నర దాకా పల్చటి ఎండ కాసి, ఏదో పాత ఆల్బమ్‌లో ఫోటోలాగా ఇండియా గేట్ కనిపించింది. 7,500 ప్లస్ జీఎస్టీకి రెండు గంటలు. హోటల్‌ది తప్పనను, మంచుని వాళ్ళు తేలేదు, కానీ జనవరిలో ఆ వ్యూకి అదనంగా డబ్బు తీసుకునేటప్పుడు ఒక్క మాట చెప్పొచ్చు కదా. మీరు మాత్రం తీసుకోకండి, అదే డబ్బుతో ఇంకేదైనా తినండి.

తిండి గురించి చెప్పాలంటే, టిఫిన్ దగ్గర దక్షిణాది కౌంటర్‌ని ముట్టుకోకండి. ఇడ్లీ బాగానే ఉంది, సాంబారులో చక్కెర వేశారో బెల్లం వేశారో, కొబ్బరి పచ్చడి ఫ్రిజ్‌లోంచి తీసినట్టు. అసలు సంగతంతా పక్క కౌంటర్‌లో ఉంది. ముల్లంగి పరాఠా పెనం మీంచి తీసి అప్పటికప్పుడు ఇస్తున్నారు, పైన తెల్లవెన్న ముద్ద, అది కరిగి పక్కనున్న ఊరగాయ నూనెలో కలుస్తుంటే... మా ఆయన రోజుకి మూడు. క్యారెట్ హల్వా గురించి విడిగా చెప్పాలి. మన దగ్గర దొరికే నారింజ రంగు క్యారెట్ కాదు, అక్కడ చలికాలంలో మాత్రమే వచ్చే ఎర్రది, దాదాపు బీట్‌రూట్ రంగుకి వచ్చేంత ఎరుపు, నీరెక్కువ, తీపెక్కువ. పాలలో ఉడికి ఉడికి కోవా పట్టాక వచ్చే ఆ వాసన, పొద్దున్నే ఎనిమిదింటికి హల్వా ఏంటి అనుకునే నేనే రెండుసార్లు వెళ్ళా. అత్తయ్యగారికి పెసరట్టు కావాలంటే లేదన్నారు, ఒక చెఫ్ ఆగి ఆలోచించి "మూంగ్ దాల్ చీలా వేయనా" అన్నాడు. వేసి తెచ్చాడు. ఆవిడ ఒక ముక్క తుంచి "పొట్టు తీసేసిన పెసరట్టు, అల్లం మరిచిపోయారు" అని తేల్చేశారు. మర్నాడు ఆ అబ్బాయే అల్లం, పచ్చిమిర్చి దంచి వేసి తెచ్చాడు. ఇలాంటివి బిల్లులో కనపడవు.

రెండో రోజు మధ్యాహ్నం అశోకా రోడ్డులో ఆంధ్రభవన్ క్యాంటీన్‌కి వెళ్ళాం, ఢిల్లీ వెళ్ళి అక్కడ అన్నం తినకుండా వస్తే మా ఇంట్లో ఊరుకోరు. స్టీలు ప్లేటులో వేడన్నం, పప్పు, పొడి, నెయ్యి, కలుపుతుంటే వేళ్ళు కాలేంత వేడి. హోటల్లో సాయంత్రం ఒక సూప్‌కి పెట్టినదాంట్లో సగం కూడా కాలేదు ముగ్గురికీ. చుట్టూ సగం మంది పంజాబీలు, గోంగూర అడిగి మరీ వేయించుకుంటున్నారు. రిపబ్లిక్ డే రిహార్సల్స్ వల్ల రోడ్లు ఆపేసి టాక్సీ ఎటెటో తిప్పి తీసుకొచ్చాడు కానీ పడ్డ పాట్లు వృథా కాలేదు.

దౌలత్ కీ చాట్ అని చలికాలంలో మాత్రమే చేసే పాల నురుగు ఒకటి ఉంది, పాలు రాత్రంతా మంచులో ఉంచి తెల్లవారుజామున చిలికి ఆ నురుగు తీసి పైన కుంకుమపువ్వు, పిస్తా, బూరా చక్కెర చల్లి ఇస్తారు. హోటల్ రెస్టారెంట్‌లో అది తెచ్చారు, వెండిగిన్నెలో, పొగలు చిమ్ముతూ, ఏదో పౌరాణిక నాటకంలో నారదుడు దిగినట్టు. బాగానే ఉంది. మూడో రోజు మెట్రోలో చాందినీ చౌక్ వెళ్ళి కినారీ బజార్ సందులో బండి దగ్గర తిన్నది ఇంకా బాగుంది, చెంచా పెడితే బరువే తెలీదు, నోట్లో పెట్టుకుంటే ఏం లేదు, తీపి ఒక్కటే మిగుల్తుంది. ఎండ ఎక్కాక నిలవదు, పొద్దున్నే వెళ్ళండి.

ఇక పెళ్ళి సంగతి. మనకి ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు లేనట్టే వాళ్ళకీ ఆ నెల ఖర్మాస్, డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ముహూర్తాలుండవు. సంక్రాంతి దాటిందా, నెలరోజులు ఆపిన పెళ్ళిళ్ళన్నీ ఒక్కసారి గేటు తెరిచినట్టు. మేం సరిగ్గా అప్పుడే దిగాం. రెండో రాత్రి కింద లాన్‌లో బారాత్, అదే పెళ్ళికొడుకు ఊరేగింపు, డోలు, డీజే. పదింటికి డీజే ఆగింది, అది నిజం, కానీ తర్వాత వరండాల్లో చుట్టాల కేకలు, లిఫ్టులు నిండిపోయి పది నిమిషాలకి ఒకటి. ఫిర్యాదు చేస్తే "ఈరోజు ఒక్కరోజే మేడమ్" అన్నారు, మాకున్నవే మూడు రోజులు. అత్తయ్యగారు మాత్రం శాలువా కప్పుకుని లాబీలో కూర్చుని, గుర్రం మీద పెళ్ళికొడుకుని, ఆడవాళ్ళ లెహంగాలని గంటన్నర చూశారు. "ఇంత చలిలో చేతుల్లేని జాకెట్లు ఎలా వేసుకున్నారే" అన్నది ఆ రాత్రంతా ఆవిడ బెంగ. డిసెంబరు ఆఖరి పది రోజులు న్యూ ఇయర్ రేట్లు కాబట్టి వదిలేస్తే, జనవరి మొదటివారం దాటాక సంక్రాంతి లోపు వెళ్తే పెళ్ళిళ్ళ గోల ఉండదు. చలి మాత్రం ఇంకా ఎక్కువ.

చివరి రోజు బిల్లులో రెస్టారెంట్ భోజనానికి 10 శాతం సర్వీస్ ఛార్జ్ కలిపి ఉంది. ఇది కట్టి తీరాలని లేదు, 2022లోనే వినియోగదారుల పరిరక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా వాటిని సమర్థించింది. నేను అదే మాట నెమ్మదిగా అన్నా, కౌంటర్‌లో అమ్మాయి ఏం వాదించకుండా తీసేసింది. అంటే అడిగితే తీసేస్తారు, అడగకపోతే ఉంచేస్తారు. ఆ మిగిలిన డబ్బులో కొంత చీలా వేసిన అబ్బాయికీ, కొంత హీటర్ తెచ్చిన పెద్దాయనకీ విడిగా ఇచ్చాం. పెద్దాయన మొదట తీసుకోలేదు, అత్తయ్యగారు చెయ్యి పట్టుకుని తెలుగులో ఏదో అని చేతిలో పెట్టారు, ఏం అర్థమైందో కానీ తీసుకున్నారు.

మళ్ళీ వెళ్తామా అంటే, అదే హోటల్‌కి వెళ్తాం. వ్యూ లేకుండా, డీజే వినపడని వెనకవైపు గది అడిగి, బుకింగ్ అప్పుడే ఆయిల్ హీటర్, హ్యూమిడిఫైయర్, బకెట్ అని మెయిల్ పెట్టి, క్రెడిట్ కార్డు పట్టుకుని. ఆ డిపాజిట్ 15,000 ఇంకా మా ఆయన ఖాతాలోకి వదల్లేదు. ఏడు పనిదినాలు అన్నారు బ్యాంకు వాళ్ళు, ఇవాళ ఐదోది.